జిప్సీని రెండు అంగుళాలు లేపడం: కమాన్ షాపు సాయంతో, సొంత చేతులతో, తక్కువ ఖర్చులో

వాన పడిన మర్నాడు నల్లరేగడి దారిలో ట్రాక్టర్ తిరిగితే రెండు పక్కలా లోతైన గాడులు పడతాయి, మధ్యలో దిబ్బ మిగులుతుంది. మారుతి జిప్సీ చక్రాలు ఆ గాడుల్లో దిగాయంటే యాక్సిల్ మధ్యలోని డిఫరెన్షియల్ (గేర్ల డబ్బా) వెళ్లి దిబ్బ మీద కూర్చుంటుంది. చక్రాలు బురద చిమ్ముతూ తిరుగుతాయి, బండి మాత్రం కదలదు. పారతో దిబ్బ తవ్వి బయటపడి ఇంటికొచ్చిన మనిషి మొదట అనుకునే మాట ఒకటే: బండి లేపాలి.

స్పానర్ పట్టుకునే ముందు ఇది తెలుసుకోండి. సస్పెన్షన్ ఎంత లేపినా ఆ డిఫరెన్షియల్ ఒక్క మిల్లీమీటరు కూడా పైకి రాదు. అది ఉన్నది యాక్సిల్‌లో, యాక్సిల్ ఉన్నది చక్రం మధ్యలో. దాన్ని పైకి తెచ్చేది పెద్ద టైరు ఒక్కటే. లిఫ్ట్ వల్ల పైకి లేచేవి చాసిస్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిల్స్‌కి శక్తి పంచే గేరు డబ్బా), సైలెన్సర్, పెట్రోల్ ట్యాంకు, బంపర్లు. గట్టు ఎక్కేటప్పుడు మూతి తగలదు, దిగేటప్పుడు తోక తగలదు, పెద్ద టైరు తిరగడానికి చోటు దొరుకుతుంది. అందుకే లిఫ్ట్, టైరు కలిపి ఆలోచించాలి. జిప్సీ కింగ్ కంపెనీ టైరు 205/70 ఆర్15, ఎత్తు సుమారు 668 మి.మీ. దాని బదులు 215/75 ఆర్15 వేస్తే ఎత్తు 703 మి.మీ. దాటుతుంది, యాక్సిల్ అందులో సగం, అంటే 18 మి.మీ. దాకా లేస్తుంది. 235/75 ఆర్15 అయితే యాక్సిల్ 33 మి.మీ. లేస్తుంది. కానీ ఆ టైరు లిఫ్ట్ లేకుండా ఫెండర్‌కి రాసుకుంటుంది, స్పీడోమీటర్ 60 చూపిస్తున్నప్పుడు బండి దాదాపు 66లో పోతుంటుంది. నా సలహా అయితే 215/75, దానికి తోడు రెండు అంగుళాల లోపు లిఫ్ట్. బండి బరువు వెయ్యి కిలోల చుట్టుపక్కలే, ఇంజిన్ చిన్నది, బ్రేకులూ ఆ లెక్కకే చేసినవి. అంతకంటే పెద్ద టైరు వేస్తే గేర్లు, బ్రేకులు, స్టీరింగ్ అన్నిటి మీదా భారం పడుతుంది.

జిప్సీనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 1985 డిసెంబరులో వచ్చిన ఈ బండికి ముందూ వెనకా గట్టి యాక్సిల్, నాలుగు మూలలా కమాన్ పట్టీలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన స్ప్రింగు ఇనుప పట్టీలు. 1996లో కింగ్ వచ్చినా ఆ కట్టుబడి మారలేదు. కమాన్ పని తెలిసిన మేస్త్రీ మన దగ్గర ఏ లారీల అడ్డాలోనైనా దొరుకుతాడు. పాత కమాన్ జీపులకు కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది. 2010లో వచ్చిన థార్‌లో సీఆర్‌డీఈ రకానికి ముందువైపు టార్షన్ బార్లు (మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు), 2020లో వచ్చిన థార్‌కి నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులు. వాటి పద్ధతి వేరు, ఇక్కడ చెప్పేది వాటికి చేయకండి.

చట్టం గురించి కూడా ముందే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలతో తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణలో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. వాలిపోయిన కమాన్లను మళ్లీ కంపెనీ ఎత్తుకు తెచ్చుకోవడం రిపేరు. దానిపైన లేపడం, టైరు సైజు మార్చడం మార్పు. రోడ్డు మీద తిప్పే బండి అయితే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి, ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజేయండి. ప్రమాదం జరిగాక క్లెయిమ్ తిరస్కరించారని బాధపడి లాభం ఉండదు.

అందుకే ఈ పనిని రెండు దశలుగా చెబుతున్నాను. మొదటి దశ పోయిన ఎత్తును తిరిగి తెచ్చుకోవడం, రెండోది దానిపైన లేపడం. చాలామందికి మొదటి దశతోనే పని అయిపోతుంది. నా 1999 కింగ్‌కి కమాన్లు సరిచేసి, వాటి కొసల్లోని రబ్బరు బుష్‌లు మార్చేసరికి ముందు ఎడమ పక్క 22 మి.మీ., కుడి పక్క 31 మి.మీ. లేచింది. అంటే అన్నేళ్లుగా అంత వాలిపోయిన బండిని తిప్పుతూ, జిప్సీ ఇంతేనేమో అనుకున్నాను. కుడి పక్క ఎక్కువ వాలడం మామూలే, డ్రైవర్ రోజూ కూర్చునేది అటే కదా.

ముందు కొలతలు

సిమెంటు గచ్చు లాంటి చదును చోట బండి నిలపండి. నాలుగు టైర్లలో గాలి సమానంగా ఉండాలి, లోపల సామాను ఉండకూడదు. బండిని కొన్ని అడుగులు ముందుకూ వెనక్కీ నడపండి, తర్వాత ఒక్కో మూల బంపర్ మీద బలంగా నొక్కి వదలండి. కమాన్లు ఎక్కడో బిగుసుకుని ఉంటే అప్పుడు అసలు చోటికి వస్తాయి. ఇప్పుడు హబ్ మధ్య నుంచి నిటారుగా పైకి, ఫెండర్ అంచు దాకా టేపుతో కొలవండి. నేల నుంచి కొలవకండి, టైరులో గాలి తేడా ఉంటే ఆ లెక్క తప్పుతుంది. నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకోండి.

ఫోన్‌లో కోణం కొలిచే యాప్ వేసుకుని ముందు యాక్సిల్ మీద ఒక చదును భాగం చూసి ఆనించి కోణం రాసుకోండి, ఆ చోట పెయింట్ గుర్తు పెట్టండి. వెనక డిఫరెన్షియల్ ఫ్లాంజ్ కోణం కూడా అంతే. ప్రొపెల్లర్ షాఫ్టుల్లో (యాక్సిల్స్‌కి శక్తి తీసుకెళ్లే కడ్డీలు) జారే స్ప్లైన్, అంటే పళ్ల జాయింటు, ఎంతవరకు లోపల ఉందో తెల్ల పెయింట్‌తో గీత పెట్టండి. చక్రాలు నేరుగా ఉన్నప్పుడు స్టీరింగ్ పైభాగాన టేపు ముక్క అతికించండి. అరగంట పని ఇది. దీన్ని వదిలేసినవాళ్లకు లిఫ్ట్ తర్వాత బండి పక్కకు లాగుతుంటే ఏది మారిందో తెలుసుకునే దారి ఉండదు.

తర్వాత కిందకి దూరి చూడండి. పట్టీల మీద అడ్డంగా పగులు ఉందా, కమాన్ కళ్లలో (కొసల్లోని గుండ్రటి రంధ్రాలు) బుష్ రబ్బరు నలిగి పక్కకు వచ్చిందా, చాసిస్‌కు షాకిల్ (కమాన్ ఒక కొసను చాసిస్‌కు కలిపే ఊగే ప్లేట్ల జత) తగిలించిన చోట తుప్పు పట్టిందా. సుత్తితో మెల్లగా కొట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మూగగా పలుకుతుంది. చాసిస్ తుప్పు తిని ఉంటే లిఫ్ట్ ఆలోచన పక్కన పెట్టి ముందు ఆ వెల్డింగ్ పని చేయించండి.

ఏ దారి మంచిది, ఏది కాదు

చౌకగా లేపడానికి జనం మూడు దారులు చెబుతారు: షాకిల్ పొడవు పెంచడం, కమాన్‌లో పట్టీ వేయడం లేదా వంపు ఎక్కించడం, యాక్సిల్‌కీ కమాన్‌కీ మధ్య దిమ్మ పెట్టడం.

దిమ్మ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. జిప్సీకి కమాన్ యాక్సిల్ కింద ఉంటుంది. మధ్యలో దిమ్మ పెడితే బండి లేవదు, ఇంకా కిందికి దిగుతుంది. కమాన్‌ని యాక్సిల్ మీదికి మార్చే పద్ధతి కూడా ఉంది. ఒక్కసారిగా ఐదు అంగుళాల దాకా లేస్తుంది. కానీ యాక్సిల్ మీద కొత్త సీట్లు వెల్డింగ్ చేయాలి, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రాల వైపు పోయే రాడ్) మార్చాలి, షాఫ్టుల కోణాలు సరిచేయాలి. ఇంటి దగ్గర, తక్కువ డబ్బుతో చేసే పని కాదది.

షాకిల్ అన్నిటికంటే చౌక, అన్నిటికంటే ఎక్కువ మోసపోయేదీ దానితోనే. లెక్క ఇది: షాకిల్ రెండు రంధ్రాల మధ్య దూరం ఎంత పెంచితే అందులో సగమే బండి లేస్తుంది. ఎందుకంటే కమాన్ ఒక కొస మాత్రమే కిందికి దిగుతుంది, రెండోది చాసిస్‌కే ఉంటుంది. రెండు అంగుళాలు కావాలంటే షాకిల్ నాలుగు అంగుళాలు పెంచాలి. నేను మొదటిసారి అదే చేశాను. ఫ్లాట్ ఇనుము కోయించి, రంధ్రాలు వేయించి, ఆదివారం మధ్యాహ్నానికి బిగించేశాను. ఊళ్లో బాగానే ఉంది. హైవే మీద 60 దాటేసరికి స్టీరింగ్‌లో ప్రాణం పోయినట్టు అయింది. తిప్పిన చక్రం తిరిగి రాదు, లారీ పక్క నుంచి పోతే బండి దానివైపు తేలిపోతుంది. ఇంటికొచ్చేదాకా టెన్షనే.

కారణం క్యాస్టర్, అంటే చక్రం పక్కకు తిరిగే ఇరుసు పైభాగం వెనక్కి వాలి ఉండే కోణం. జిప్సీ ముందు కమాన్‌కి షాకిల్ ముందు కొసన ఉంటుంది. దాన్ని పొడవు చేస్తే కమాన్ ముందు కొస కిందికి దిగుతుంది, దానితో యాక్సిల్ పైభాగం ముందుకు వాలుతుంది. చక్రం తనంతట తాను నేరుగా రావడానికి కారణమైన ఆ వెనక వాలు తగ్గిపోతుంది. సైకిల్ హ్యాండిల్ కడ్డీ పైభాగం వెనక్కి వాలి ఉంటుంది, చేతులు వదిలినా నేరుగా పోవడానికి అది తోడ్పడుతుంది. ఆ కడ్డీని నిటారుగా చేస్తే ఎలా తడబడుతుందో ఇక్కడా అంతే.

కాబట్టి నా మాట: ఎత్తులో ఎక్కువ భాగం కమాన్ నుంచే రావాలి, షాకిల్ నుంచి కొద్దిగా మాత్రమే. ముందువైపు షాకిల్‌ని ఒక అంగుళానికి మించి పెంచకండి, దానితో వచ్చేది అరంగుళం. అసలు షాకిల్ అంతే ఉంచినా పర్వాలేదు. కొంచెం పెంచమనడానికి ఒక కారణం ఉంది. పట్టీకి వంపు పెరిగితే రెండు కళ్ల మధ్య దూరం తగ్గి షాకిల్ లోపలికి లాగబడుతుంది. అతిగా వాలితే చక్రం కిందికి వేలాడినప్పుడు షాకిల్ తిరగబడి కమాన్ బిగుసుకుపోతుంది. ఒక అంగుళం పొడవు ఆ ఇబ్బంది తీరుస్తుంది.

షాకిల్ చేయించేటప్పుడు కనీసం 8 మి.మీ. మందం ఫ్లాట్ తీసుకోండి, రంధ్రాలు డ్రిల్లుతోనే వేయించండి. గ్యాస్‌తో కాల్చిన రంధ్రం గుండ్రంగా రాదు, బోల్టు అందులో కొట్టుకుంటుంది. నాలుగు ప్లేట్లూ ఒకదాని మీద ఒకటి పెట్టి కలిపి డ్రిల్ చేస్తే తేడా రాదు. రెండు ప్లేట్ల మధ్య అడ్డంగా ఒక ముక్క కట్టిస్తే మలుపులో పక్కకు ఊగదు. బోల్టులు హై టెన్సైల్‌వి, తల మీద 8.8 అని ఉన్నవి, తగిన పొడవులో కొనండి. బోల్టు మర ఉన్న భాగం రంధ్రం లోపల భారం మోయకూడదు.

కమాన్ షాపులో

పెద్ద పని ఇక్కడే. నాలుగు కమాన్లూ విప్పి తీసుకెళ్లొచ్చు. నేనైతే ఒక్కసారి ఒక్క యాక్సిల్‌వే విప్పమంటాను, బండి రెండు వైపులా గాలిలో ఉండడం మంచిది కాదు.

కమాన్ కట్టను గట్టి వైస్‌లో, లేదా రెండు జీ క్లాంపులతో బిగించాకే సెంటర్ బోల్ట్ విప్పాలి. పట్టీల్లో ఉన్న బిగువు ఒక్కసారిగా వదిలితే చేతి వేళ్లు పోతాయి. విప్పాక ప్రతి పట్టీ వెడల్పు, మందం వెర్నియర్‌తో కొలిచి రాసుకోండి. మెయిన్ పట్టీని నేల మీద పక్కకు పడుకోబెట్టి సుద్దముక్కతో దాని వంపు గీయండి. ఒక కన్ను మధ్య నుంచి రెండో కన్ను మధ్యకు దారం కట్టి, ఆ దారం నుంచి పట్టీ మధ్య దాకా దూరం కొలవండి. దాన్నే మనం పెంచబోయేది. ఎడమ, కుడి పట్టీలు రెండూ పక్కపక్కన గీస్తే ఎంత తేడా ఉందో కంటికే కనిపిస్తుంది.

మేస్త్రీకి చెప్పాల్సిన మాట ఒకటే: "గ్యాస్ పెట్టొద్దండీ, చల్లగానే కొట్టండి." స్ప్రింగు ఇనుమును ఎర్రగా కాల్చి వంచితే చూడ్డానికి చక్కని వంపు వస్తుంది. కానీ దాని టెంపర్ పోతుంది. మళ్లీ నూనెలో ముంచి, సరైన వేడిలో టెంపర్ చేసే సదుపాయం ఉన్న షాపు అయితే సరే. లేనిచోట కాల్చిన పట్టీ రెండు మూడు నెలల్లో మళ్లీ కూర్చుంటుంది, లేదా విరుగుతుంది.

పని తెలిసిన మేస్త్రీ చల్లగా కొట్టడం ఒకసారి దగ్గర నుంచి చూడండి. రెండు మొనల దిమ్మ మీద పట్టీని పెడతాడు. సుత్తి దెబ్బ మధ్యలో మొదలుపెట్టి ఒకే బలంతో, అరచేయి వెడల్పు దూరంలో, కళ్ల వైపు జరుపుకుంటూ పోతాడు. ఒక వరస అయ్యాక పట్టీని సుద్ద గీత మీద పెట్టి చూస్తాడు, ఎక్కడ లోటుందో అక్కడ మాత్రం ఇంకో నాలుగు దెబ్బలు. కళ్ల దగ్గరికి రాగానే ఆపేస్తాడు. ఒకే చోట బలంగా కొట్టిన పట్టీకి వంపు రాదు, మడత వస్తుంది. ఆ మడత దగ్గరే తర్వాత విరుగుతుంది. మెయిన్ పట్టీ ఒక్కటే వంచితే చాలదు, అన్ని పట్టీలూ వరసగా వంచాలి. కింది పట్టీకి పైదానికంటే కొంచెం ఎక్కువ వంపు ఉండాలి. అప్పుడే బిగించాక కొసలు పైపట్టీని ఆనుకుంటాయి.

కొత్త పట్టీ వేయాలనుకుంటే అదే వెడల్పు, మందం మాత్రం తక్కువ. మెయిన్ పట్టీ, దాని కింది రెండో పట్టీ అయ్యాక, మూడోదిగా, పొడవులో ఆ వరసకు సరిపోయేలా కోయించండి. మందం పట్టీ వేస్తే ఎత్తు వెంటనే వస్తుంది, నిలుస్తుంది కూడా. కానీ జిప్సీ తేలిక బండి. మందం పట్టీల మీద అది ఎడ్ల బండిలా ఎగురుతుంది. రాళ్లలోకి వెళ్తే ఒక చక్రం రాయి మీద, ఎదురు చక్రం గాలిలో. చక్రం కిందికి దిగి నేలను పట్టుకోకపోతే లేపి ఏం లాభం? రాయలసీమ గుండ్లలో నడిపినవాళ్లు ఎవరైనా ఇదే చెబుతారు. అందుకే నాకు పట్టీ చేర్చడం కంటే వంపు ఎక్కించడమే ఇష్టం. వెనక ఎప్పుడూ నలుగురు కూర్చుంటారు, సామాను వేస్తారు అనుకుంటే వెనకవైపు మాత్రం ఒక పలుచని పట్టీ వేయించండి.

పట్టీల మధ్య తుప్పు వైర్ బ్రష్‌తో తీసి, గ్రాఫైట్ గ్రీస్ పలుచగా పూసి, కొత్త సెంటర్ బోల్టుతో కట్టండి. బోల్టు తల పైకి, యాక్సిల్ సీటు రంధ్రంలో కూర్చునేలా ఉండాలి. తల సైజు పాతదే ఉండాలి. ఎడమ, కుడి కట్టలను పక్కపక్కన నిలబెట్టి దారం కొలత మళ్లీ చూడండి. తేడా 3 మి.మీ. మించితే వెనక్కి ఇచ్చేయండి, మొహమాటపడకండి.

షాక్ అబ్సార్బర్లు, బంప్ స్టాప్‌లు, బ్రేకు గొట్టాలు

డబ్బు మిగుల్చుకుందామని చాలామంది పాత షాక్‌లే ఉంచుతారు. చక్రం వేలాడినప్పుడు పాత షాక్ ముందే ఆఖరుకు లాగబడితే కమాన్ పడాల్సిన బరువు షాక్ కొసల మీద పడుతుంది, ఫిట్టింగ్ విరుగుతుంది. పొడవు లెక్క ఇలా చూడండి. షాక్ విప్పేసి, చాసిస్ స్టాండ్ల మీద పెట్టి, యాక్సిల్‌ని జాకీతో మెల్లగా దించండి. కమాన్ పూర్తిగా వేలాడినప్పుడు పై ఫిట్టింగ్ నుంచి కింది ఫిట్టింగ్‌కి ఎంత దూరమో కొలవండి. తర్వాత బంప్ స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మ) తగిలేదాకా పైకి లేపి కొలవండి. మీరు కొనే షాక్ పూర్తిగా లాగినప్పుడు మొదటి అంకె కంటే పొడవు, పూర్తిగా నొక్కినప్పుడు రెండో అంకె కంటే పొట్టి ఉండాలి. ఈ రెండు అంకెలతో స్పేర్ పార్టుల షాపుకి వెళ్తే వేరే బండి షాక్ అయినా సరిపడేది దొరకొచ్చు. పై, కింది ఫిట్టింగులు ఏ రకమో ఫొటో తీసుకెళ్లండి.

బంప్ స్టాప్ కింద టైరు పెంచినంత మందం దిమ్మ వేయండి. లేకపోతే గుంతలో పడినప్పుడు టైరు వెళ్లి ఫెండర్‌ని కోస్తుంది.

బ్రేకు గొట్టాల మీద మాత్రం రాజీ పడొద్దు. యాక్సిల్ పూర్తిగా వేలాడదీసి, ముందు చక్రాలు ఒక కొసకి, తర్వాత రెండో కొసకి తిప్పి చూడండి. గొట్టం ఎక్కడా తీగలా బిగుసుకోకూడదు. బిగుసుకుంటే పొడవు గొట్టం కొనండి, లేదా చాసిస్ మీది క్లిప్‌ను కిందికి జరిపించండి. వెనక యాక్సిల్ నుంచి లోడ్ సెన్సింగ్ వాల్వ్‌కి రాడ్ ఉన్న బండి అయితే, లేపాక వెనక బరువు లేదని ఆ వాల్వ్ అనుకుంటుంది, వెనక బ్రేకులు తగ్గిస్తుంది. రాడ్ తగిలించిన చోటిని లేపినంత మేర సరిచేయాలి. ఇది మీకు రాకపోతే బ్రేకుల మెకానిక్‌ని పిలవండి.

బిగించే రోజు

ముందు రాత్రే యూ బోల్టు (కమాన్‌ని యాక్సిల్‌కి కట్టి ఉంచే బోల్టు) నట్లకి, షాకిల్ బోల్టులకి తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. పొద్దున మళ్లీ ఒకసారి. చదును గచ్చు మీద బండి నిలిపి, ముందు పని చేస్తుంటే వెనక చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టండి. చాసిస్ కింద స్టాండ్లు పెట్టండి, బరువు స్టాండ్ల మీద దిగాక బండిని చేత్తో ఊపి చూడండి. జాకీ మీద మాత్రమే నిలిచిన బండి కిందకి తలకాయ పెట్టొద్దు. ఇటుకలు, కర్ర దిమ్మలు స్టాండ్లు కావు. ఇంట్లో మరో మనిషి ఉండగానే పని మొదలుపెట్టండి.

యాక్సిల్ కింద రెండో జాకీ ఆనించి, షాక్ విప్పి, యూ బోల్టులు విప్పండి. ఒక్కసారి ఒక్క పక్కే. రెండో పక్క కమాన్ యాక్సిల్‌ని దాని చోటే పట్టుకుని ఉంచుతుంది, మీ పని సగం తగ్గుతుంది. షాకిల్, కంటి బోల్టులు తీసి, కొత్త బుష్‌లు వేసి, కమాన్ ఎక్కించండి. పాత యూ బోల్టులు మళ్లీ వాడకండి, ఒకసారి సాగినవి మళ్లీ పట్టు నిలపవు. సెంటర్ బోల్టు తల సీటు రంధ్రంలో సరిగ్గా కూర్చుందా అని వేలితో తడిమి చూసి, నట్లు నాలుగూ ఎదురెదురుగా కొంచెం కొంచెంగా, టార్క్ రెంచ్‌తో సర్వీస్ మాన్యువల్‌లో చెప్పినంత బిగించండి.

కంటి బోల్టులు, షాకిల్ బోల్టులు మాత్రం ఇప్పుడు చేత్తో బిగించి వదిలేయండి. చక్రాలు వేసి, బండి దించి, బంపర్ నొక్కి, కొన్ని అడుగులు నడిపి, బండి తన బరువు మీద నిలబడ్డాక అప్పుడు బిగించాలి. గాలిలో వేలాడుతుండగా బిగిస్తే బుష్ రబ్బరు ఆ కోణంలోనే పట్టుకుంటుంది. బండి దిగాక ఆ రబ్బరు మెలితిరిగి ఉంటుంది, నెలల్లో చిరుగుతుంది. బండి ఎత్తు కొలత కూడా తప్పు చూపిస్తుంది. "లిఫ్ట్ మూడు అంగుళాలు వచ్చింది" అని మొదటి రోజు సంబరపడి, నెల తర్వాత అది కూర్చుంటే కమాన్ మేస్త్రీని తిట్టేవాళ్లలో చాలామంది చేసిన తప్పు ఇదే.

స్టీరింగ్, షాఫ్టులు

ఇప్పుడు రాసుకున్న అంకెలు తీయండి. హబ్ నుంచి ఫెండర్ దాకా కొలిచి ఎంత లేచిందో చూడండి. ముందు యాక్సిల్ మీద పెయింట్ గుర్తు దగ్గర ఫోన్ ఆనించండి. క్యాస్టర్ ఎన్ని డిగ్రీలు తగ్గిందో తెలుస్తుంది. ఒక డిగ్రీ లోపు అయితే వదిలేయండి. అంతకు మించితే కమాన్‌కీ యాక్సిల్ సీటుకీ మధ్య ఇనుప వెడ్జ్ పెట్టాలి. జిప్సీకి యాక్సిల్ కమాన్ మీద కూర్చుంటుంది కాబట్టి వెడ్జ్ మందం వైపు బండి ముందుకు ఉండాలి. అల్యూమినియం వెడ్జ్ వద్దు, నలుగుతుంది. వెడ్జ్ పెట్టినకొద్దీ ముందు డిఫరెన్షియల్ మూతి కిందికి వాలి షాఫ్టు కోణం పెరుగుతుంది, అందుకని రెండు డిగ్రీలకు మించి పెట్టకండి. అంతకంటే ఎక్కువ కావాల్సి వస్తే షాకిల్ పొడవు తగ్గించండి.

బండి లేవగానే డ్రాగ్ లింక్ కోణం మారి, చక్రాలు నేరుగా ఉన్నా స్టీరింగ్ పక్కకు తిరిగి ఉంటుంది. టేపు ముక్క చూస్తే తెలిసిపోతుంది. స్టీరింగ్ వీల్ ఊడదీసి తిప్పి పెట్టే పని చేయకండి. స్టీరింగ్ బాక్స్‌కి ఒక మధ్య స్థానం ఉంది, నేరుగా పోయేటప్పుడు అది అక్కడే ఉండాలి. డ్రాగ్ లింక్ పొడవునే సర్ది స్టీరింగ్‌ని మధ్యకు తెచ్చి, లాక్ నట్లు బిగించండి. తర్వాత వీల్ అలైన్‌మెంట్ షాపులో టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉన్నాయా అన్నది, చూపించండి.

ప్రొపెల్లర్ షాఫ్టు పెయింట్ గీతలు చూడండి. యాక్సిల్ పూర్తిగా వేలాడినప్పుడు స్ప్లైన్ ఎంత బయటికి వచ్చింది? లోపల పట్టు మరీ తక్కువ మిగిలిందనిపిస్తే స్పేసర్ వేయించాలి. చేత్తో షాఫ్టుని ఒక చుట్టు తిప్పండి, యూజే క్రాస్ (షాఫ్టు కొసల్లోని కీలు) ఎక్కడైనా అడ్డుపడితే తెలుస్తుంది. క్రాస్‌లకు గ్రీసు పెట్టేయండి, ఎలాగూ కిందే ఉన్నారు.

మొదటి యాభై కిలోమీటర్లు

ముందు ఊళ్లోనే, 40 లోపు. బ్రేకు పట్టు, స్టీరింగ్ తిరిగి రావడం, కింద చప్పుడు. తర్వాత పొలం గట్టు దగ్గరికి వెళ్లండి. ముందు ఎడమ చక్రం గట్టు మీదికి ఎక్కించి ఆపండి, వెనక కుడి చక్రం ఎలా దిగిందో చూడండి. పక్కన మనిషిని కూర్చోబెట్టి హ్యాండ్ బ్రేకు, గేరు వేసి, చక్రాలకి రాళ్లు పెట్టి, బయటి నుంచే వంగి టార్చ్ వేసి చూడండి: టైరు ఫెండర్‌కి రాస్తోందా, బ్రేకు గొట్టం బిగుసుకుందా, షాక్ ఆఖరుకు వచ్చిందా. స్టీరింగ్ రెండు కొసలకీ తిప్పి మళ్లీ చూడండి. తర్వాత రెండో పక్క.

యాభై కిలోమీటర్లకు అన్ని నట్లూ టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించండి. ఐదొందలకు మళ్లీ. నేను ఒకసారి ఈ రెండో బిగింపు వదిలేశాను. వాగు ఇసుకలో నుంచి గట్టు ఎక్కుతుంటే వెనక టప్‌మని చప్పుడు, బండి కొంచెం అడ్డంగా నడిచింది. యూ బోల్టులు వదులై, భారమంతా సెంటర్ బోల్టు మీద పడి అది తెగింది. వెనక యాక్సిల్ ఒక పక్క దాదాపు అంగుళం వెనక్కి జరిగింది. ఆ చోట 20 కి.మీ. వేగం కాబట్టి ఇంటికి చేరాను. యూ బోల్టు బిగువే యాక్సిల్‌ని పట్టుకోవాలి, సెంటర్ బోల్టు చోటు చూపించడానికే ఉంది. అప్పటి నుంచి నట్టుకీ ప్లేటుకీ కలిపి పెయింట్ గీత పెడతాను. వారానికోసారి వంగి చూస్తే నట్టు కదిలిందా లేదా ఇట్టే తెలుస్తుంది.

లేచిన బండి పక్క వాలులో త్వరగా తిరగబడుతుంది. జిప్సీ వెడల్పు తక్కువ, చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లే. పైన క్యారియర్ ఉంటే దాని మీద డబ్బాలు, స్టెప్నీ లాంటివి పెట్టకండి. వాలు దాటాల్సి వస్తే అడ్డంగా కాకుండా నేరుగా ఎక్కి నేరుగా దిగండి. హైవే మీద మలుపుల్లో మునుపటి వేగం పెట్టకండి. వెనక సీట్లో పిల్లలు ఉన్నప్పుడు మరీ.

ఐదొందల కిలోమీటర్ల తర్వాత హబ్ నుంచి ఫెండర్ దాకా ఇంకోసారి కొలవండి. కొత్తగా వంపు ఎక్కించిన కమాన్లు 5 నుంచి 10 మి.మీ. దాకా కూర్చోవచ్చు. నాలుగు మూలలా సమానంగా కూర్చుంటే చింత లేదు. ఒక్క మూల మాత్రం ఎక్కువ దిగితే ఆ కమాన్ విప్పి, దారం కట్టి, సుద్ద గీత పక్కన మళ్లీ పెట్టి చూడండి.